ఎలుకల సంగతి

ఈదమ్మకు ఫోను రాదు.
ఫోనుకు ఈదమ్మ వచ్చు.

పోయిన కార్తీకంల
విత్తన బుడ్డలకు మందు పట్టిస్తుంటే
మోకాళ్ల మీద కూసోని తీసిన, ఏడు నిమిషాలు.
గోనెపట్ట మీద పప్పు,
సత్తు గిన్నెల ట్రైకోడెర్మా పొడి, చారెడు బెల్లం నీళ్లు.
"పొట్టు ఊడకుంట కలపాలె,
పసిపిల్లకు నూనె రాసినట్టు" అన్నది.
మల్ల చెప్పు, గాలికి సరిగ పడలేదంటే
ఆ మాట మల్ల రాలేదు.
నడుమ మేకపిల్ల అరిసింది.
ఉండనీ అని ఉంచిన.

ఆ ఏడు నిమిషాలు
పెబ్బేరు సంత దాటి
హైదరాబాదుల ఏదో ఆఫీసుల చల్లగ కూసోని
అటెన్క సముద్రం దాటినయి.
మలావి అంట.
అక్కడ గూడ ఎర్రనేలనేనంట, పల్లిచేన్లేనంట,
మొగులు దిక్కు చూసి చూసి పట్టేసిన మెడలేనంట.

తిరిగొచ్చిన వీడియోల
పెదవులు ఈదమ్మవే, మాట ఆమెది కాదు.
చిచేవా అనే భాష గలగల పారుతుంటే
కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది:
"నా నోట్ల ఎవరో కాపురం పెట్టిన్రే బిడ్డా!"
మేకపిల్ల మాత్రం
మా ఊరి భాషలనే అరిసింది.

చలి తగ్గినంక
అటు నుంచి ఇంకొకటి వచ్చింది.
తియామికే అని ఆమె పేరు.
ఈదమ్మ రెండుసార్లు నాలుక తిప్పి చూసి
"తాయమ్మ" అని తేల్చింది.
ఇగ అదే పేరు.

తాయమ్మ పల్లికట్టెను మనలెక్క కుప్పెయ్యదు.
కాయ లోపటికి, ఆకు బయటికి,
గుండ్రంగ పేర్చుకుంట లేస్తది,
నడుమ చేదబావి లెక్క గాలికి సందు,
నెత్తిన గడ్డి టోపి.
వాన మీదికెళ్లి జారిపోతది,
గాలి లోపట తిరుగుతనే ఉంటది,
బుడ్డకు బూజు పట్టదు.

ఈసారి నవ్వలేదు ఈదమ్మ.
మూడేండ్ల కింద
ఉగాది ముంగట కొట్టిన వాన,
కల్లంల నానిన పదకొండు సంచులు,
వనపర్తి యార్డుల నాలుగు కాయలు చిదిమి
"నల్లవడ్డదమ్మా" అని
ఖరీదుదారు చేతులు దులుపుకున్న చప్పుడు.
నా ఫోన్ల లేని వీడియో అది.
ఆమె కండ్లల్ల ఆడుతుంటే పక్కన కూసున్న.

"ఇంకోపారి పెట్టు."
పెట్టిన.
"ఆమె చేతులు కనవడేకాడ ఆపు."
ఆపిన.
పగిలిన అద్దం మీద ఆగిన చేతి పక్కన
తన చెయ్యి ఆనిచ్చి చూసుకున్నది.
గోరు కింద మన్ను ఇద్దరిదీ ఒక్క తీరే.
"బొటనేలికి కాయ కాసింది చూడు,
ఉత్తగ చెప్పే మనిషి కాదు."

అంత నమ్మి
ఒక్క ప్రశ్న అడిగింది,
డిగ్రీ చదివిన నాకు తట్టనిది:
"నడుమ సందుల ఎలుకలు చేరవా?"

ఆమె గొంతుతోనే పంపిన.
తెలుగుల నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి చిచేవాకు,
ఏ మలుపుల ఎలుక పిల్లి అయిందో ఏమో.
తాయమ్మ ఊర్ల సిగ్నలు గుట్టెక్కితేనే,
చార్జింగుకు రెండు మైళ్లు నడవాల్నంట.
"మన బోరుకు నడిజాము కరెంటొచ్చినట్టు" అన్నది,
దానికేం ఆశ్చర్యపోకుంట.

ఐదొద్దులైంది.
చేన్ల ఆకు పసుపు తిరిగింది.
ఎల్లుండి జల్లులని ఫోను చెప్పింది.
ఈదమ్మ మెడెత్తి చూసి, అవునన్నది.

ఈ పొద్దు నాలుగు సాళ్లు పీకి
ఒకే ఒక్క గుండ్రం కుప్ప పేర్చింది,
మిగిలినదంతా పాత తీరే.
"నమ్ముత గని, చేనంతా పెట్టి నమ్మ."
తియ్యమన్నది. తీస్తున్న.
తెరల ఆమె నడుం వంచి
సందుల తలకాయ పెట్టి చూస్తున్నది.
నాతోని అంటున్నదో, ఎవరితోని అంటున్నదో:
"ఎలుకల సంగతి చెప్పకపోతివి గదక్కా."