తుమ్మమొద్దు

నువేబా నుంచి జీపులో రెండు గంటలు.
దిగీ దిగగానే స్వైలెం అన్నాడు:
"ముందు పొట్ట లోపలికి పీల్చుకో,
తర్వాత కెమెరా తియ్యి."

నిజమే. రెండు భుజాలూ ఒకేసారి పట్టవు.
ట్రైపాడ్ కాళ్ళు చాపే చోటు లేక
ఒంటికాలి మీద కొంగజపం చేస్తోంది.
వీపుసంచి గోడని గీరితే
ఎర్రటి పొడి కాలరులోకి, కళ్ళలోకి,
లెన్సు మెడ చుట్టూ ఉన్న సందులోకి.
తిప్పితే కరకర,
అన్నంలో రాయి తగిలినట్టు.

పైన ఆకాశం ఒక నూలుపోగు.
దానికి కొలత పెడితే గోడలు బొగ్గు,
గోడలకి కొలత పెడితే ఆకాశం సున్నం.
మధ్యలో ఆ రంగుంది చూశారూ,
ఉల్లిపొర గులాబీ, ముదురుపాకం బెల్లం,
మానుతున్న దెబ్బ చుట్టూ ఉండే ఊదా,
అది కంటికే. పెట్టెకి చిక్కదు.

ఎనిమిది సెకన్లు షట్టరు తెరిచి పెడతాను.
ఏడో సెకనులో ఎవరో జర్మన్ పెద్దాయన టోపీ
మలుపు తిరిగి క్షమాపణలతో సహా ప్రవేశిస్తుంది.
మళ్ళీ ఎనిమిది.
ఈసారి నా ఊపిరికే కొండ కదిలింది.

ఇంకో బాధ. రెండు నిలువుల ఎత్తున
గోడల మధ్య ఇరుక్కున్న తుమ్మమొద్దు.
ఎటు వంగినా ఫ్రేములో కాలు పెడుతుంది.
కూర్చున్నాను. వెల్లకిలా పడుకున్నాను.
చివరికి తిట్టాను, తెలుగులోనే.

తిట్టుకి అనువాదం అక్కర్లేదు.
"దాన్ని ఎవరూ అక్కడ పెట్టలేదు," అన్నాడు స్వైలెం.
"ఆ రోజు ఇక్కడ వాన లేదు. మబ్బు కూడా లేదు.
ఎక్కడో పడింది.
మా మేనత్త మేకల్ని నీడకని ఇందులోకి తోలుకొచ్చింది."
కాసేపాగి,
"పధ్నాలుగు మేకలు," అన్నాడు.
మేనత్త సంగతి నేను అడగలేదు.

అప్పుడు చూశాను,
నా నడినెత్తికీ ఆ మొద్దుకీ మధ్య
నిలువునా నడిచి వెళ్ళిన నీళ్ళని.
ఈ నునుపు, ఈ మెలికలు,
పొద్దుటి నుంచీ నేను వెలుతురు కోసం
తడుముకుంటున్న ఈ ఒంపులన్నీ
వాటి చేతిపనే.

నొక్కాను. చెయ్యి వణికింది.

నూట అరవై ఫోటోలు. చాలావరకు బాగానే వచ్చాయి,
ఎవరు తీసినా అలాగే వస్తాయి.
ఇదొక్కటే మసక.
మొద్దు సగం, పైన తెల్లగా కాలిపోయిన చీలిక,
అడుగున గోడ మీద స్వైలెం అరచెయ్యి
తడి ఉందేమోనని రాతిని తాకి చూస్తూ.

ఆ రోజు ఎండ నలభై రెండు.