జున్ను లెక్క

ఈనిన రెండోనాటి జున్ను
దాలమ్మ వీధంతా పంచింది.
పదోనాడు ఆవు నీళ్లకుండీ చూసి బెదిరింది,
చొంగ కారుస్తూ గుంజ పెరుక్కుని పడింది.
నాగావళి గట్టున పిచ్చికుక్క పీకిన సంగతి
కొడుకు అప్పుడు చెప్పాడు.

ఉడికిందే కావచ్చు, అయినా
అందరి పేర్లూ రాయమన్నారు బూర్జ ఆసుపత్రిలో.
సూదుల పెట్టె పక్కన పెట్టుకుని
అరుగు మీద కూచున్నాను.
"ఎవలెవలికి ఇచ్చావప్పా?"
రైసుమిల్లు గుమస్తాకి గిన్నెడు,
బాలింత రాములమ్మకి రెండు ముక్కలు...
ముప్పై ఎనిమిది దాకా వేళ్లు మడిచి
ఆగింది.

"తవిటమ్మని కూడా రాసీ."
గట్టు తగాదా, ఆరేళ్లుగా మాటల్లేని తోడికోడలు.
"దాని గుంటడి చేతే పంపినాను.
సంతలో కొన్నానని సెప్పమన్నాను."

వరసలో అందరికంటే చివర
జాకెట్టు చెయ్యి పైకి తోసింది తవిటమ్మ.
"నాకు తెల్దేటి?
మిరియం అంత ఘాటుగా
అదొక్కతే ఏస్తాది."