జానెడు దూరం

కెర్రీ తీరం. ఏప్రిల్ రాత్రి పదకొండున్నర.
ఇసుకదిబ్బల వెనక, వాననీరు నిలిచిన పల్లం ఒడ్డున
బోర్లా పడుకున్నాను.
అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు
తడి ఇసుకతో ఏదో గొణుగుతున్నాయి.

ముప్పై ఏళ్లు ట్రలీ తపాలా ఆఫీసులో
ఉత్తరాలు వేరుచేసినదాన్ని.
ఎంత వంకర రాతైనా ఒక్క చూపుకి లొంగేది.
ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.
అందుకే కెమెరా కింద
మా తమ్ముడు ఫిన్‌బార్ ఉన్ని మేజోడు:
అరకిలో బియ్యం పోసి మూతి కుట్టాను.
రెండోది వాడితోపాటే సముద్రంలో ఉంది.

మొదట ఒక్కటే గొంతు,
తుప్పుపట్టిన గిలక తిరిగినట్టు.
వెంటనే పల్లమంతా గిలకలు.
అంతలోనే ఎవరో వేలు అడ్డం పెట్టినట్టు
ఆగిపోయాయి.

టార్చికి ఎర్ర కాగితం చుట్టాను.
గడ్డి పాయలోంచి వచ్చింది గోదురుకప్ప.
ఇది గెంతదు, ఎలుకలా పరుగెత్తుతుంది.
వీపు మీద పసుపు గీత,
గీస్తూ గీస్తూ ఎవరికో చెయ్యి జారినట్టు.

లెన్స్‌లో దాని కన్ను:
అడ్డంగా పడుకున్న నల్లగింజ,
చుట్టూ చిట్లిన బంగారం.
కన్ను తేలితే ముక్కు మసక,
ముక్కు తేలితే కన్ను మసక.
వరిగింజ మందమే ఈ చూపుకి దక్కే లోతు.
దాని గొంతు కింద చర్మం ఆగకుండా కొట్టుకుంటోంది.
నేను ఊపిరి బిగబట్టాను,
ఇద్దరిలో ఒకరైనా కదలకూడదు కదా అని.

ఇంతలో పక్కన మరో మూడు.
ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారుతుంది.
కప్పల తక్కెడ అని ఊరికే అన్నారా!

ఇంకొంచెం దగ్గరికి రా, అనుకున్నాను.
వచ్చింది.
జానెడు దూరం దాటి లోపలికి వచ్చేసింది.
అంత దగ్గరైతే ఈ లెన్స్ గుడ్డిది.
కిర్రుమంటూ ముందుకీ వెనక్కీ వెతికి
ఊరుకుంది.
అద్దం నిండా గోధుమరంగు పొగ.

బియ్యం మేజోడు ఎక్కింది.
అక్కణ్నుంచి నా మణికట్టు మీదికి.
దాన్ని నేను ముట్టుకోకూడదని
జేబులోని అనుమతి కాగితంలో రాసుంది.
అది నన్ను ముట్టుకునే సంగతి రాయలేదు.
చల్లగా, నాణెం కంటే కాస్త బరువుగా కూర్చుంది.
నా వణుకుని ఏమనుకుందో,
గాలికి ఊగే రెల్లు అనుకుందో.
నాలుగు నిమిషాలో, పదో.
తర్వాత తన పనిమీద తను నీళ్లలోకి.

పొద్దున్న రొట్టెల కొట్లో
నా బూట్ల ఇసుక చూసి ఫిడెల్మా అడిగింది:
"రాత్రంతా అక్కడే కాపలా కాశావట. వచ్చిందా ఫోటో?"

కార్డులో నూట పన్నెండున్నాయి.
తొంభై దాకా ఉత్త ఇసుకే.

"వచ్చింది" అన్నాను.
చిల్లర కోసం ఎడమచెయ్యి చాపాను.
కుడిచెయ్యి ఇంకా కడుక్కోలేదు.