ఆరూ నలభై

ఇరవై రెండేళ్లు లేతు మిషను మీద బతికిన చెయ్యి.
వెంట్రుకలో మూడో వంతు తేడా వస్తే
వెర్నియర్ కంటే ముందు వేలికొసకి తెలిసేది.
పోయిన మాఘంలో
టీ గ్లాసు పంటికి తగిలి టకటకమంది.
ఆటోనగర్‌లో ఎవరూ నవ్వలేదు.
నవ్వి ఉంటే బాగుండేది.

"ఎవరికైనా చూపించు నాంచారయ్యా" అన్నాడు ఓనరు,
బేరింగు పోతే అనే గొంతుతోనే.

ఎవరికని చూపించను?
సూర్యారావుపేటలో మేడ మీద మేడగా బోర్డులు,
కిడ్నీ, గుండె, మోకాలు, సంతానం.
మెడలు నొప్పెట్టేదాకా చదివాం నేనూ సామ్రాజ్యం.
తాగుడు అని ఎక్కడా రాసి లేదు.
మందుల షాపు కుర్రాణ్ని అడగబోయి
"మా బావమరిదికి" అన్నాను.
ఉన్న ఒక్క బావమరిదీ టీ కూడా తాగడు.

మొదటిది పొడి.
కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో, పొట్లం ఆరొందలు.
నాకు తెలీకుండా పప్పులో కలపమన్నాడట.
సామ్రాజ్యం తెచ్చి నా చేతిలోనే పెట్టింది.
"దొంగచాటుగా నావల్ల కాదు, నువ్వే కలుపుకో."
కలుపుకున్నాను.
రెండు రోజులు వాంతులు.
మూడోరోజు, వాంతులు తగ్గాయని, తాగాను.

రెండోది గన్నవరం రోడ్డులో ఎక్కడో,
పచ్చగేటు, గడియ బయటివైపు.
తెల్లారి ఐదింటికి వరసలో నిలబెట్టి
నేను పాపిని అనమన్నారు.
అన్నాను. అనడం తేలికే.
సామ్రాజ్యం గాజులు ఎక్కడ తాకట్టు పెట్టానో చెప్పడం కష్టం,
అది ఎవరూ అడగలేదు.
నలభై రోజులకి డబ్బు కట్టి పందొమ్మిదే ఉన్నాను.
గోడ ఎత్తు కంటితోనే కొలిచాను.
చెయ్యి వణికినా కన్ను వణకలేదు.

ఆ తర్వాత డాక్టరు, నిజం డాక్టరు.
టోకెను ఎనభై ఆరు. నాలుగు నిమిషాలు.
"రోజుకి ఎంత?" అన్నాడు.
సగానికి తగ్గించి చెప్పాను.
రెట్టింపు చేసి రాసుకున్నాడు.
లేవబోతుంటే చీటీ వెనక ఒక నంబరు వేసి
"మాత్ర చేతికి. మాటకి ఈవిడ" అన్నాడు.

ఆ చీటీ జేబులోనే ఉతుక్కి వెళ్లింది.
ఆఖరి అంకె ఏడో, ఒకటో.
ఏడు నొక్కితే ఎవరో పాలాయన.
ఒకటి నొక్కితే షంషాద్ మేడం.

గవర్నర్‌పేటలో జెరాక్స్ షాపు పైన గది.
ఇరుకు మెట్లు.
దిగుతున్నవాడు నన్ను చూసి గోడకి ఒదిగాడు,
తన చోటే నాకిచ్చినట్టు.

ఎంత అని అడగలేదావిడ.
ఎందుకనీ అడగలేదు,
దానికైతే నా దగ్గర పద్నాలుగు జవాబులు తయారు.
"ఏ టైముకి?" అంది.
నేను తెల్లమొహం వేశాను.
"ఏ టైముకి గొంతు లాగుతుంది?"

ఆరూ నలభై.
షట్టరు సగం దించినప్పుడు.
కిరసనాయిలుతో చేతులు కడిగాక,
ఆ వాసన ఇంకా పోకముందు.
నాకు నేనే ఎప్పుడూ చెప్పుకోని మాట
నిమిషంతో సహా బయటికొచ్చింది.

కాగితం నా వైపు జరిపి
షాపు నుంచి యనమలకుదురులో ఇంటిదాకా దారి గియ్యమంది.
గీశాను. గీత వణికింది.
దాని మీద మూడు చుక్కలు, మూడు వైన్ షాపులు.
"చుక్కల్లేని దారి?"
"బందరు కాలవ గట్టు. చుట్టూతా తిరగాలి. దోమలు."
"కుట్టనీ" అంది.

పదకొండు రోజులు గట్టు మీదే వెళ్లాను.
పన్నెండో రోజు వాన, బురద.
అంత సాకు చాలు.

మళ్లీ మెట్లెక్కి తల దించుకుని చెప్పాను.
తిడుతుందనుకున్నా.
"ఏ టైముకి?" అంది.
"ఏడుంబావు."
"ముప్పై ఐదు నిమిషాలు ఆగావన్నమాట."

ఇవాళ్టికి ఎన్ని రోజులో చెప్పను, దిష్టి.
తలుపు కొడితే
సామ్రాజ్యం ఇప్పటికీ వెంటనే తియ్యదు.
అవతల నిలబడి నా ఊపిరి వింటుంది.
గడియ మీద చెయ్యి పడిన చప్పుడు,
అక్కడే ఆగిన చప్పుడు.
తొందరపెట్టను.
కాళ్లకంటిన గట్టుమట్టి
మెట్టు అంచుకి రాస్తూ
నిలబడతాను.