చాప వచ్చింది

రాత్రి మూడింటికి చెరువు గట్టు మీద
నేనూ, ఆరు ఏరేటర్లూ మేలుకుని ఉంటాం.
అవి నీళ్లను చిలుకుతాయి. నేను వాటిని లెక్కపెడతాను.
ఒక్కటి ఆగినా రొయ్యలకు ఊపిరాడదు,
యజమానికి నిద్ర పట్టదు.

తెల్లారితే ఆదివారం.
మురుగు కాలవ అవతల మందిరం మైకు
ముందు గరగరమని గొంతు సవరించుకుంటుంది,
తర్వాత మా పేటనంతా పేరుపేరునా పిలిచినట్టు
పాట ఎత్తుకుంటుంది.
డోలక్ ఎవరో కొత్త కుర్రాడు.
మూడో చరణంలో తొందరపడతాడు.
ఆ తొందర నాకు తెలుసు.
ఆ డోలక్‌కి ఎడమవైపు తోలు వదులని కూడా తెలుసు.
మధ్యలో ఉన్నది రెండు తాటి పట్టెల వంతెన.
మూడేళ్లుగా దాటలేదు.

అమ్మ పోయిన రోజు
గొయ్యి తవ్వితే రెండడుగులకే నీళ్లు ఊరాయి.
మా నేల అంతే, చచ్చినవాళ్లకీ పొడి చోటు ఇవ్వదు.
బకెట్లతో తోడుతున్నాం.
నా వెనకాల ఎవరో, మెల్లగానే, అన్నారు:
"కుర్రాడికి నమ్మకం చాల్లేదు. ఉంటే బతికేది."
నేను తిరిగి చూడలేదు.
చూసుంటే ఒక్కడి మీదే కోపం ఉండేది.
చూడలేదు కాబట్టి
వందనాలు చెప్పే ప్రతి నోరూ
ఆ నోరే అనిపించింది.

దేవుడితో తగువు లేదు నాకు. అలాగని మాటలూ లేవు.
ఒకే కాలవకి చెరోపక్క చేలున్న రైతుల్లా
నీటి వంతు వచ్చినప్పుడు
ఆయన గట్టున ఆయన, నా గట్టున నేను.

మొన్న గురువారం రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్ తాడు లాగితే దగ్గింది, అంతే.
రొయ్యలు పైకి తేలాయి.
టార్చి వేస్తే వేల కళ్లు, ఎర్రగా, నిప్పు నలుసుల్లా.
తొమ్మిదోసారి లాగుతుంటే
"తండ్రీ" అన్నాను.
ప్రార్థన కాదు. నడుం పట్టేసినప్పుడు వచ్చే మూలుగు లాంటిది.
పదమూడోసారికి ఇంజను అంటుకుంది.
సాక్ష్యం చెప్పడానికి పనికిరాదు ఇది;
డీజిల్లో నీళ్లు కలిశాయని పొద్దున్నే మెకానిక్ చెప్పాడు.
కానీ ఆ మాట నాలోంచే వచ్చిందని
నాకొక్కడికే తెలుసు,
పోయిందనుకున్న తాళంచెవి
పాత చొక్కా జేబులో చేతికి తగిలినట్టు.

ఈ ఆదివారం
కూడిక అయ్యాక తాటి పట్టెల మీద
ఒక తెల్ల చీర, పీతలా అడ్డంగా నడుస్తూ, వచ్చింది.
కెజియమ్మ. డెబ్బై దాటాయి.
చంకలో చుట్టిన తుంగ చాప.
"ఏరా ఆమోసూ, నువ్వు రాపోతే
ఇదుగో, సాపే వచ్చింది."

నాదే. డోలక్ పక్కన వేసుకునేవాణ్ణి.
మూలన ఎలుకలు కొరికిన చోట
లేసు అల్లే తెల్ల దారంతో అంచు కుట్టి ఉంది.
ఎవరు కుట్టారని అడగలేదు.
కొక్కెం పట్టీ పట్టీ వంకర తిరిగిన చూపుడువేలు
నా ఎదురుగానే ఉంది.

గట్టు మీద పరిచింది. కూర్చున్నాం.
రమ్మంటుందేమోనని భయపడ్డాను.
"కౌంటు ఎంత పడుద్దిరా?" అంది.
అరవై రావొచ్చన్నాను.
"మొగల్తూరోడు రేటు కోసేత్తాడు, జాగర్త."
కొంగుముడి విప్పి, జంతిక విరిచి,
సగం నాకిచ్చి సగం తను తింది.
చాలాసేపు ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.
తర్వాత, నీళ్ల వైపే చూస్తూ,
"మీ అమ్మ గోతిలో నీళ్లు తోడేటప్పుడు
నేనూ ఇన్నానురా ఆ మాట.
నోరు తెరవలేపోయాను. అది నా తప్పు."

ఆ మాటని మోస్తున్నది
నేనొక్కణ్ణే అనుకున్నాను, ఇన్నాళ్లూ.

లేచి చాప చుట్టింది.
"మందిరంలో సాపలు తక్కువ. మళ్లీ ఏసేత్తాను.
నీ సోట్లోనే."

చెయ్యి పట్టుకుని వంతెన దాటించాను.
అవతలి గట్టు మీద ఒక కాలు పెట్టాను,
రెండోది పట్టె మీదే ఉంది.
వెనక్కి వచ్చేశాను.

మేత వెయ్యడానికి లుంగీ ఎగ్గడితే
పిక్కల మీద తుంగ గీతలు
ఇంకా ఉన్నాయి.