రెక్కలు విప్పడం

పక్షి రెక్కలు విప్పితే ఎగిరిపోతాది.
మేం రెక్కలు విప్పితే
విమానం జీపు వెనక రోడ్డెక్కుతాది.

ఇంజను లేదు దీనికి.
పైన ఉన్నంతసేపూ రోహిణి మేడం ఒక్కతే చాలు.
కిందికి దిగిందా, నలుగురం కావాల.
తోక కింద చక్రం తోసేదానికి హేమాద్రి,
జీపు తాడుకి దస్తగిరి,
గాలి ఎటు తిరుగుతాదో చూసేదానికి చెంగల్రాయులన్న,
రెక్క కొస పట్టుకోని నడిచేదానికి నేను.

"మోయబాకరా, లాగబాకరా, ఊరికే తోడు నడువు."
మొదటిరోజు అన్న చెప్పింది అంతే.
పదకొండేళ్లు ఏర్పేడు బీట్లో తోడు నడిచినా.
రెక్కాడితే గాని డొక్కాడదంటారే,
నా విషయంలో ఆ రెక్క
ఏడున్నర మీటర్ల పొడవు, తెల్లరంగు.

వాయుగుండమని రేడియో చెప్పిన సాయంత్రం
మేకులకు కట్టిన తాళ్లు చాలవన్నాడు అన్న,
రెక్క మీద పెట్టిన పాత టైర్లూ చాలవన్నాడు.
పలమనేరులో పట్టుగూళ్ల షెడ్డు ఒకటి
ఖాళీగా ఉండాది, పదండన్నాడు.

పిన్ను రాలేదు.
హేమాద్రి సుత్తి వెతికినాడు.
"సుత్తి కాదు." అన్న నా వైపు చూసినాడు.
"కొస వేలెడు లేపు. ఇంకొంచెం. ఆ... రవ్వంత దించు."
లోపలెక్కడో ఇనుము ఇనుముని వదిలేసిందని
ఇంత దూరంలో నా అరచేతికి తెలిసింది.
రెండు వేళ్లకే జారి వచ్చింది పిన్ను,
మాగిన సీతాఫలానికి తొడిమ ఊడినట్టు.

పెట్టెలో కంబళి మెత్తల మధ్య రెక్కల్ని నిలబెట్టినాం.
బరువు ముందుకే ఉండాల. వెనక్కి పోతే
మలుపులో బండి తోకాడిస్తాది.
అద్దానికి తెల్లగుడ్డ, రాత్రయినా సరే.
మొన్న ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం మరిచినందుకు
సీటు మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ.
దాని మీదే కూచోని ఎగిరింది మేడం, ఏమీ అనలా.

చంద్రగిరి దాటినాక ఆపినారు.
ఇంత పొడుగు పెట్టె చూస్తే ఈ దారిలో
ఎవరికైనా ఎర్రచందనమే గుర్తొస్తాది.
"ఏముందిరా?"
"రెక్కలు సార్."
నవ్వి, పెట్టెని కొట్టేదానికి లాఠీ ఎత్తినాడు.
నాకంటే ముందు నా గొంతు అరిచింది.
టార్చి వేసి చూసినాడు. చానాసేపు చూసినాడు.
"ఈకలేవిరా మరి" అన్నాడు నెమ్మదిగా,
గేటు ఎత్తమన్నాడు.

మొగిలి ఘాట్లో ముప్పై దాటలేదు దస్తగిరి.
టమాటా లారీలు హారన్లు కొడతా పోయినాయి.
పైన టీ అంగడి కాడ నిలిపితే
సముద్రం వైపు నుంచి మొదటి గాలి వచ్చింది.
పెట్టె ఒక్కసారి కదిలింది,
చక్రాల మీద కాదు, లోపల.
అన్న చక్రం కింద రాయి పెట్టినాడు.
నేను టీ గ్లాసు పక్కన పెట్టి
పెట్టె మీద చెయ్యేసి నిలబడినా,
ఊరికే,
తోడు.