సువ్రత ఏడ్సినప్పుడు

ఎనిమిది గొట్టంగ సువ్రత వస్తది.
మెట్‌పల్లిల మా గల్లీ అంత
బీడీల చాటలు ఒళ్లె వెట్టుకొని కూసుంటది.

నిద్రల గూడ ఆమె పట్టుచీర నలగది.
"మనుషులంత ఒక్కటే" అని అత్తకు నీతి జెప్తది,
జెప్పుకుంటనే పనిపిల్ల తెచ్చిన చాయ్
మొకం సూడకుంట తీస్కుంటది.
మూడేండ్ల సంది ఆ పిల్లకు పేరు లేదు.
గది ఎవలకూ కనవడదా?

అబద్ధమాడితే కండ్లు వోతయంటది.
మొగనికొచ్చిన ఉత్తరం మాత్రం
దేవుని పటం ఎనుక దాస్తది.
అప్పుడు వీణ మోగుతది,
గది త్యాగమని మనకు ఎర్కగావాలెనని.

"గింత మంచిదాన్ని యాడ జూడలే"
షాహెదా ముక్కు చీదుతది.
నాకైతే ఆకు గోసే కత్తెర తోటి
టీవీ వయరు గోయాలనిపిస్తది.

కొయ్య.
రేపు ఏమైతదో సూడాలె గద.

కట్టకు ఇరవై ఐదు.
నడుమల రెండు, తంబాకు తక్కువవి, దోపిన.
పొద్దుగాల టేకేదారు ఏరి పారేస్తడు,
పైసలు గోస్తడు.
నా అబద్ధానికి ఏ వీణా మోగది.

ఇయ్యాల జమున
(ఆ పనిపిల్లకు నేనే వెట్టిన పేరు)
ఉత్త కప్పు తీస్కొని లోపటికి వోయింది.